ఎగ్గొట్టిన పాయసం

1998, వానలు వెనకబట్టిన రోజులు. మదీనాగూడలో బొంబాయి హైవే పక్కన కొత్తగా లేచిన అపార్టుమెంటు, మూడో అంతస్తు. ఫిజియోథెరపీ చదువు ముగించి అప్పటికి ఏడాది దాటింది నాకు. సొంత క్లినిక్ లేదు, సొంత స్కూటర్ ఉంది. అందుకని పేషెంట్ల ఇళ్ళకే వెళ్ళి వైద్యం చేసేవాణ్ణి. మాది పుప్పాలగూడ. నీ కొడుకు ఏం పని చేస్తాడని ఊళ్ళో ఎవరన్నా అడిగితే మా అమ్మ, "కాళ్ళు చేతులు ఆడిపిస్తడు" అని చెప్పేది. నా చదువంతటినీ అంత క్లుప్తంగా మా ప్రొఫెసర్లు కూడా చెప్పలేకపోయారు.

మూడో అంతస్తు పేషెంటు వెంకటరత్నం గారు. తణుకు మనిషి. నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నారు. డెబ్బై దాటాయి. బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు బిగించారు. "ఎముక పని నేను చేశాను. ఇక నడవాల్సింది ఆయన, నడిపించాల్సింది నువ్వు. కుర్చీకి అలవాటు పడ్డాడా, కండలు కరిగిపోతాయి. తర్వాత లేపడం ఎవరివల్లా కాదు," అని సర్జన్ నాకు అప్పగించారు.

వెంకటరత్నం గారికి నడవాలన్న కోరిక లేక కాదు. మాదాపూర్‌లో గుండ్రటి గాజు బిల్డింగు ఒకటి అప్పుడే పూర్తయింది. కొడుకు శ్రీధర్ ఆఫీసు అందులోకి మారబోతోంది. పునాదుల దశలో ఒకసారి కొడుకు స్కూటర్ మీద వెళ్ళి చూసొచ్చారట. ఇక పైన ఏం కట్టారో చూడకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

"చక్రాల కుర్చీలో తీసుకెళ్తాను నాన్నగారూ," అన్నాడు శ్రీధర్, నా ముందే.

"తనిఖీకి చక్రాల కుర్చీలో వెళ్ళిన ఓవర్సీరును నువ్వెక్కడైనా చూశావా?" అన్నారాయన. ఆ సంభాషణ అక్కడితో ముగిసింది.

మొదటి రోజు పెద్ద పనేమీ చేయించలేదు. వెల్లకిలా పడుకున్న మనిషిని పక్కకు తిరగడం నేర్పాను. ఒకే వైపు పడుకుంటే ఒళ్ళు పుళ్ళు పడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. ఆయన మంచం ఊచ పట్టుకుని, నన్నూ నా చదువునూ నాలుగు మాటలని, తిరిగారు.

మర్నాడు వెళ్ళేసరికి ఆయన భార్య మాణిక్యాంబ గారు నా చేతిలో పళ్ళెం పెట్టారు. రెండు బొబ్బట్లు, పైన నెయ్యి.

"ఏం పండగమ్మా?"

"పండగేం లేదు బాబూ. నిన్న మీ సారు పక్కకి తిరిగారుగా. పిల్లాడు బోర్లాపడినప్పుడు చేశాను, మరి ఈయనకి చెయ్యొద్దూ?"

పిల్లాడంటే శ్రీధర్ కొడుకు, బుజ్జిగాడు. అప్పటికి ఇల్లంతా పాకుతున్నాడు. వాడికి జరిగిన ముచ్చట్లన్నీ వరసగా తాతగారికీ జరపాలని ఆవిడ నిర్ణయించుకున్నారు. బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగేస్తే అరిసెలు. మా కాలేజీలో ఇదే వరసను మైల్‌స్టోన్స్ అని చెప్పారు, అంటే పసిపిల్ల ఎదుగుదలలో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వస్తుందన్న లెక్క. అక్కడ తినడానికి ఏమీ పెట్టలేదు.

చిక్కెక్కడంటే, వెంకటరత్నం గారికి షుగరు. బొబ్బట్టు ఆయన చూడటం వరకే. మిగతావన్నీ ఆవిడ మూడంతస్తుల్లో పంచేవారు. నేను ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టిన సాయంత్రానికి బిల్డింగంతా కుడుములు తింది. ఎవరి ఇంట్లో ఏ మనిషి ఉంటాడో తెలియని ఆ అపార్టుమెంటులో ఆయన ఆరోగ్యం మాత్రం అందరికీ తెలిసిపోయింది. వాచ్‌మన్ భార్య మల్లమ్మ కింద గేటు దగ్గరే నన్ను ఆపేది.

"ఏంది డాక్టర్ సాబ్, కుడుములైనంక ఏముంటయి? ముసలాయన్ని జర జల్ది నడిపియ్యి. మా పిల్లలు అడుగుతున్నరు."

తర్వాత వారం వాకర్ తెచ్చాను. నాలుగు కాళ్ళ అల్యూమినియం చట్రం, నడిచే మనిషి ముందు పెట్టుకుని ఊతగా వాడేది. విరిగిన కాలి మీద ఎంత బరువు మోపవచ్చో సర్జన్ చెప్పాలి. దాన్ని వెయిట్ బేరింగ్ అంటాం. ఆయన మోపవచ్చన్నారు. నేను వెనక నిలబడి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని, ఒక్కో అడుగే వేయించి పడగ్గది గడప దాటించాను. గారెలు వేగుతున్న వాసన అప్పటికే వస్తోంది.

కానీ మాణిక్యాంబ గారి ముఖంలో సంతోషం సగమే.

"నువ్వొక మెట్టు ఎగ్గొట్టావు బాబూ. కూర్చున్నారు, వెంటనే గడప దాటించావు. పాకలేదు. పాయసం ఎగిరిపోయింది. మధ్యలో ఒకటి ఎగ్గొడితే నడక నిలవదంటారు."

"అమ్మా, ఈ వయసులో మనిషిని పాకించమని మా పుస్తకాల్లో ఎక్కడా లేదు."

"మీ పుస్తకాల్లో గారెలున్నాయా?"

నేను గారె తీసుకున్నాను. నోట్లో గారె ఉన్న మనిషి వాదించలేడు.

ఆ రోజే ఇంకోటి జరిగింది. బాల్కనీ కింద నుంచి మల్లమ్మ గొంతు వినిపించింది. "ఓ అమ్మా, గారెలొచ్చినయ్! తాత కడప దాటిండు!" వెంకటరత్నం గారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

"కాలవల మీద నేను నడుస్తుంటే కాలవ కాపలా లస్కర్లు లేచి నిలబడేవారు. ఇప్పుడు నేను గడప దాటితే గారెలు పంచుతున్నారు," అన్నారు.

"లస్కర్లకు మీరు గారెలు పెట్టలేదు కద సార్," అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు నవ్వలేదు.

ఎందుకంటే నడక అక్కడే ఆగిపోయింది. బెల్టు నా చేతిలో ఉంటే హాలు చివరదాకా వెళ్ళేవారు. చెయ్యి వదిలితే చాలు, ఉన్నచోటే ఆగి, "కుర్చీ," అనేవారు. పట్టుకున్నట్టు నటించి చూశాను. ఓవర్సీరు కదా, ఏ తాడు బిగువుగా ఉందో ఏది వదులైందో వెనక్కి చూడకుండానే చెప్పేవారు. ధైర్యం చెప్పాను, జోకులు చెప్పాను, గాజు బిల్డింగు పేరు చెప్పాను. కాళ్ళలో బలముంది, ఎక్స్‌రే బాగుంది, మనిషి మాత్రం కుర్చీకి దగ్గరవుతున్నాడు. సర్జన్ భయపడింది దీనికే. కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్ళిపోతే, ఆయన్ని లేపి కూర్చోబెట్టే బలం మాణిక్యాంబ గారికి లేదు. ఆవిడ అరిసెలకు బియ్యం నానబెడతానని చెప్పడం కూడా మానేశారు.

ఒక ఉదయం నేను వెళ్ళేసరికి బుజ్జిగాడు తాతగారి వాకర్ కాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాకర్ కదిలింది, వాడు ఊగాడు. నాకు ఆశ పుట్టింది. సినిమాలో అయితే ఇప్పుడు పిల్లాడు పడబోతాడు, తాత అన్నీ మరిచి ఒక్క ఉదుటున లేచి పట్టుకుంటాడు, వెనక వయొలిన్లు మోగుతాయి, నా పని సులువవుతుంది.

పిల్లాడు పడ్డాడు. తాతగారు పేపరు పక్కకు దించి, "పడ్డాడు," అన్నారు. మళ్ళీ పేపరు ఎత్తారు.

బుజ్జిగాడు ఏడుద్దామా వద్దా అని మా ఇద్దరి ముఖాలూ చూశాడు. చూసేవాళ్ళలో ఉత్సాహం లేదని గ్రహించి, బోర్లా తిరిగి, కుర్చీ దాకా పాకి, దాని కాలు పట్టుకుని లేచాడు. మళ్ళీ పడ్డాడు. మళ్ళీ అదే వరస.

ఈసారి పేపరు పూర్తిగా కిందికి దిగింది.

"ఏమయ్యా యాదగిరీ, వీడికి భయం ఎందుకు లేదో తెలుసా?"

"చిన్నపిల్లాడు కద సార్. నేల దగ్గర్నే ఉంటది."

"అది కాదు. పడితే ఏం చెయ్యాలో వాడికి తెలుసు. నాకు తెలీదు." పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఆ రోజు బాత్రూములో పడ్డాక చాలాసేపు నేల మీదే ఉన్నాను. మా ఆవిడ గుడికి వెళ్ళింది. విరిగిన నొప్పి ఇప్పుడు గుర్తులేదు. లేవలేకపోవడం గుర్తుంది. ఆ బాత్రూము స్లాబు ప్లాస్టరింగు నాసిరకం. అంతసేపు చూశాను కాబట్టి చెబుతున్నాను. నువ్వు వచ్చిన దగ్గర్నుంచీ పడకుండా ఉండటం నేర్పుతున్నావు. పడ్డాక సంగతి ఎవరు నేర్పుతారు?"

నా దగ్గర మామూలుగా ఏ మాటకైనా ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ పూట దానికి బదులు జేబులో రూపాయి నాణెం వెతుక్కున్నాను.

కిందికి దిగి టెలిఫోన్ బూత్ నుంచి సర్జన్‌కు ఫోన్ చేశాను. మేం ఫ్లోర్ ట్రాన్స్‌ఫర్ అంటాం, అంటే నేల మీది నుంచి మనిషి తనంతట తాను లేవడం. చేయించవచ్చా అని అడిగాను. "ఎముక అతికింది. పరుపులు మందంగా వెయ్యి, పక్కనే ఉండు. నాకు రెండో కేసు తయారు చెయ్యకు," అన్నారు.

మర్నాడు హాల్లో పరుపులు పరిచాం. మాణిక్యాంబ గారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. వెంకటరత్నం గారిని మెల్లగా పరుపు మీదికి దించి వెల్లకిలా పడుకోబెట్టాను. ఆయన పైకి చూశారు.

"ఇక్కడ ప్లాస్టరింగు నయమే," అన్నారు. చేతులు మాత్రం పరుపు అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"సార్, ముందుగాల ఏం చెయ్యొద్దు. ఊపిరి తీసుకోండ్రి. ఇగ బాగున్న కాలు దిక్కు తిరగండ్రి."

తిరిగారు. మోచేతి మీద లేచారు. తర్వాత రెండు చేతులు, రెండు మోకాళ్ళ మీదికి వచ్చారు. లేవడానికి పట్టు దొరికేది కుర్చీ దగ్గర. కుర్చీ నాలుగడుగుల దూరంలో ఉంది. అంటే, పాకాలి.

నేనూ మాణిక్యాంబ గారూ ఒకరినొకరు చూసుకున్నాం.

ఆయన ఒక చెయ్యి ముందుకు వేశారు, ఒక మోకాలు జరిపారు. అంతలో బుజ్జిగాడు గదిలోంచి వచ్చి, ఇంట్లో ఇన్నాళ్ళకు తన దారికి వచ్చిన పెద్దమనిషిని చూసి పక్కన చేరాడు. కాస్త ముందుకు పోయి, వెనక్కి తిరిగి, తాత వచ్చేదాకా ఆగాడు.

"ఇది పోటీ కాదని వాడికి ఎవరన్నా చెప్పండి," అన్నారు వెంకటరత్నం గారు ఆయాసపడుతూ.

కుర్చీ చేరారు. రెండు చేతులూ దాని మీద ఆనించి, బాగున్న పాదం ముందు నేలకు మోపి, ఒక్క తోపు తోసి లేచి, తిరిగి కూర్చున్నారు. బెల్టు ఆయన నడుముకు లేదు. నా చేతులు నా జేబుల్లో ఉన్నాయి. పట్టుకోవాలనిపించినప్పుడు నేను వాటిని అక్కడే దాచుకుంటాను.

"మళ్ళీ పడుకోబెట్టు," అన్నారు. "ఇంకోసారి."

ఆ సాయంత్రం మూడంతస్తులకూ పాయసం వెళ్ళింది. వెంకటరత్నం గారికి డాక్టరు అనుమతితో ఒక్క చెంచా. ఆ చెంచాతో ఆయన గడిపినంత సేపు నేను గ్లాసుతో గడపలేకపోయాను.

"అమ్మా, మెట్టు ఎగ్గొట్టానని ఆ రోజే అన్నరు. మీకెట్ల తెలిసింది?" అని అడిగాను.

"నాకేం తెలుసు బాబూ?" అన్నారావిడ గిన్నె గీకుతూ. "ఆవాళ పాలు ఎక్కువ పోయించుకున్నాను, పాయసం చేద్దామని. నువ్వేమో గడప దాటించేశావు. పాలు విరిగిపోయాయి."

పాయసం తర్వాత కథ తొందరగా నడిచింది, ఆయన కూడా. అరిసెల రోజు తాతామనవళ్ళిద్దరికీ కలిపే చేశారు. పిల్లాణ్ణి అరిసెల మీద నడిపించడం వాళ్ళ ఆనవాయితీ. పెద్దాయన్ని మాత్రం నేను నడవనివ్వలేదు. నెయ్యీ పాకమూ ఉన్నదాని మీద తుంటి పేషెంటును నడిపిస్తే మా వృత్తికే అవమానం. అందుకని అరిసెలు పక్కన పరిచారు, ఆయన వాటి వెంబడి చేతికర్రతో, కాలవగట్టు తనిఖీ చేస్తున్నట్టు నడిచారు. బుజ్జిగాడు రెండడుగులు వేసి మూడో అరిసె మీద కూలబడి దాన్నే తిన్నాడు. మల్లమ్మ చూడటానికి పైకొచ్చి, "డాక్టర్ సాబ్, ఇగ మాకేముంటది? ఇంకో ముసలాయన్ని పట్టుకరా," అంది.

చలికాలంలో ఒక ఆదివారం గాజు బిల్డింగు మెట్లు తన కాళ్ళతో తనే ఎక్కారు. వెనక శ్రీధర్, ఆ వెనక నేను. ఒక స్తంభాన్ని చేతికర్రతో రెండుచోట్ల కొట్టి విని, "ఫరవాలేదు," అన్నారు. ఆ మాట ఆయన నోట వచ్చిందంటే రాష్ట్రపతి పతకంతో సమానమని శ్రీధర్ నా చెవిలో చెప్పాడు.

అప్పటి నుంచి ఏ పేషెంటింటికి వెళ్ళినా మొదటి రోజు నడక గురించి మాట్లాడను. "పడితే ఎట్ల లేస్తరు?" అని అడుగుతాను. చాలామంది, ఇలాంటి అపశకునపు డాక్టరును ఎవరు పంపారన్నట్టు చూస్తారు. తర్వాత చెబుతారు, తమ బాత్రూముల గురించీ, తాము చూస్తూ పడుకున్న పైకప్పుల గురించీ. వైద్యం అక్కడ మొదలవుతుంది.

మరుసటి ఎండాకాలం మా ఇంటి పక్క కిరాణా కొట్టుకు నాకోసం ఫోనొచ్చింది. వెంకటరత్నం గారు.

"యాదగిరీ, పడ్డానయ్యా." పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైన గొంతు అది.

"దెబ్బలేమన్న తగిలినయా సార్? లేచిండ్రా?"

"లేవకపోతే ఫోను దగ్గరికి ఎలా వచ్చాననుకున్నావు? ఇంట్లో ఎవరూ లేరు. ఊపిరి తీసుకున్నాను, తిరిగాను, పాకాను, లేచాను. ఆ తర్వాతే మా ఆవిడ గుడి నుంచి వచ్చింది."

"మరి ఏం వండిండ్రు సార్?"

"అక్కడే వచ్చింది తగాదా. పడటానికి శాస్త్రంలో ఏమీ లేదంటుంది. పసిపిల్లలు రోజూ పడతారు, ఎవరు వండుతారంటుంది. అందుకని నేనే ఒకటి కలిపాను. పడి లేస్తే పులిహోర. చింతపండు నానేసింది. పోపు పడేలోగా వచ్చెయ్."

స్కూటర్ తీశాను. నేను చేరేసరికి గేటు దగ్గర మల్లమ్మ చేతిలో అప్పటికే ప్లేటుంది.