తప్పకుండా వస్తాను

మా సంఘంలో ఆడవాళ్ళు నలుగురు కూడితే చాలు, అదే అడుగుతారు. ఆ దేశంలో భాష నేర్చుకున్న ఏడాది గురించి సాక్ష్యం చెప్పండి పాస్టరమ్మగారూ అంటారు. చెప్తాను. నేను తప్పు బస్సెక్కి ఊరి చివర దిగిన సంగతి, మా ఆయన కొట్లో సబ్బు అడగటం రాక, ఒళ్ళు రుద్దుకుని చూపించిన సంగతి, అన్నీ చెప్తాను. కడుపుబ్బ నవ్వుతారు. కుట్టుపనావిడ సంగతి మాత్రం ఇన్నేళ్ళూ చెప్పలేదు. నా నోటి మూలంగా ఒక మనిషికి కన్ను పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇవాళ చెప్తున్నాను. మధ్యలో ఎవరూ ఓదార్చకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

మేం ముగ్గురం వెళ్ళాం. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ళ మా పిల్ల. మమ్మల్ని పంపిన మిషన్ వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. మొదటి ఏడాది ఏ సేవా చెయ్యకూడదు. ప్రసంగాల్లేవు, కూటాల్లేవు. ముందు భాష నేర్చుకోండి, తర్వాతే లోపలి ఊళ్ళకి పంపుతాం అంటారు. పొద్దున రెండు గంటలు భాషాబడి. మధ్యాహ్నం ఒక గంట, బడి వాళ్ళు కుదిర్చిన ఆ ఊరి మనిషితో కూర్చుని మాట్లాడాలి. ఆ మాటలన్నీ ఫోన్లో రికార్డు చేసుకోవాలి. వారానికో పాఠం, పాఠానికి ఐదారు వాక్యాలు. వాటిని బట్టీపట్టి, వీధిలో పడి, కనపడిన ముప్పైమందికి అప్పజెప్పి రావాలి.

బడిలో పెద్ద టీచరమ్మ మొదటి రోజే ఒక సూత్రం చెప్పింది. మాట ఆపొద్దంది. ఎదుటివాళ్ళు అనేది అర్థం కాకపోయినా బిక్కమొహం వెయ్యకండి, నవ్వి, ఆ వారం పాఠంలోంచి ఒక వాక్యం అనేయండి, మాట సాగుతుంటే అర్థం దానంతటదే వస్తుంది అంది. ఆ సూత్రం నాకోసమే పుట్టిందనుకున్నాను. చిన్నప్పటి నుంచి నేను వాగుడుకాయని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ అనేది. నేను నోరు పెద్దదైతే చాలనుకున్నాను.

మా ఆయన తీరు వేరు. ఆయన నేర్చుకున్న మొదటి వాక్యం, "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి." దాన్నే అరగదీశారు. కూరగాయలావిడ దగ్గరా అదే, బస్సులోనూ అదే, పోస్టాఫీసులోనూ అదే. ఎదుటివాళ్ళు మళ్ళీ చెప్పాలి, ఈయన మళ్ళీ అడగాలి. వీధిలో వాళ్ళు 'అర్థంకాలేదుగారు' అని పేరు కూడా పెట్టేశారు. నాకు తల కొట్టేసినట్టుండేది. పరీక్షల్లో ఆయనవి అత్తెసరు మార్కులు, నేను ఎప్పుడూ ఫస్టు. ఊరుకుంటానా? ఇంటికొచ్చాక దెప్పేదాన్ని. ఇలా అడుక్కుంటూ పోతే మీరు మొదటి ప్రసంగం చేసేసరికి మన పిల్లకి పెళ్ళీడు వస్తుందండీ అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు.

నాకు కుదిర్చిన మనిషి మేముండే బిల్డింగులోనే కింద గదిలో ఉండే కుట్టుపనావిడ. యాభై దాటి ఉంటాయి. ఒకటే గది. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని వెనక బట్టల గుట్ట, గుట్ట వెనక మంచం. కొత్త బట్టలు కుట్టేది కాదు, పాతవి బాగుచేసేది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, బడి పిల్లల గౌన్ల అంచులు విప్పి పొడుగు చెయ్యడం. చిరుగు కలిపి కుట్టిందంటే ఎక్కడ చిరిగిందో ఆ బట్ట తెచ్చినవాళ్ళకే కనపడేది కాదు. టేపు తీసేది కూడా కాదు. మనిషి గుమ్మంలోకి రాగానే ఒకసారి పైనుంచి కిందకి చూసి నడుము కొలత చెప్పేసేది. ఒక లావుపాటాయన అంత లేదని గొడవ పెట్టుకుంటే, టేపు చుట్టి, ఇప్పుడు బిగపట్టిన ఊపిరి వదలండి అంది. ఆయన వదిలాడు. కొలత సరిగ్గా సరిపోయింది.

అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని ఆ మిషను మీదే పెంచి పెద్దచేసింది. తన పెళ్ళి సంగతి ఎవరూ ఎత్తలేదు, తనూ ఎత్తుకోలేదు. చెల్లెలు ఎక్కడో దూరాన కాపురం చేసుకుంటోంది, రాకపోకలు తక్కువ. అందుకేనేమో నన్ను వాళ్ళ భాషలో చెల్లీ అని పిలవడం మొదలుపెట్టింది. పని చేస్తూ పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడటం ఆవిడకి అలవాటు. నేను వెళ్ళగానే మాత్రం ఒక్కొక్కటే తీసి పక్కన గుచ్చి పెట్టేది, నాకు మాట శుభ్రంగా వినపడాలని. పాఠం బజారు గురించైతే తను కొట్టుమనిషి అయ్యేది. బస్సు గురించైతే కండక్టరయ్యేది. కత్తెర ఆడిస్తూ టిక్కెట్టేదీ అని గద్దిస్తుంటే మా పిల్ల పడీపడీ నవ్వేది.

ఆ పిల్ల ఒకసారి నన్ను పట్టేసింది కూడా. "అమ్మా, ఆంటీ చెప్పేది నీకు సగం కూడా తెలీదు. ఊరికే గంగిరెద్దులా తలూపుతావు" అంది. పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేదని నాలుగు తిట్టాను. నిజం చెప్తే తిట్లే కదా దక్కేది.

మూడో నెలలో వచ్చింది ఆ పాఠం. ఎవరైనా ఎక్కడికైనా రమ్మని పిలిస్తే ఒప్పుకోవడం ఎలాగో నేర్పారు. తప్పకుండా వస్తాను, ఎన్ని గంటలకి, మీరేం దిగులు పడకండి, ఇవీ వాక్యాలు. సోమవారం మధ్యాహ్నం కిందకి వెళ్ళాను. ఆవిడ మిషను ఆపేసి, కుర్చీ నా దగ్గరికి లాక్కుని, చాలాసేపు చెప్పింది. నాకు గురువారం అన్నది తెలిసింది. రావాలి అన్నది తెలిసింది. తాళాలు అన్న మాట తెలిసింది, ఎందుకంటే మా పక్క గదిలో తాళాలు చేసే ఆయన ఉన్నాడు. మిగతాదంతా చెవిటివాడి ముందు శంఖమే. ఆహా, ఈ వారం పిలుపుల ఆట మొదలుపెట్టింది అనుకున్నాను. తప్పకుండా వస్తాను అన్నాను. ఎన్ని గంటలకి అన్నాను. తొమ్మిదింటికి అంది. మీరేం దిగులు పడకండి అన్నాను. మూడు వాక్యాలూ ఎక్కడ పడాలో అక్కడ పడ్డాయని నాకు ఎంత గర్వమో! ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు. రోజంతా సూదిలో దారం ఎక్కించే మనిషి కదా, కళ్ళు మండుతున్నాయేమో అనుకున్నాను.

ఆ సాయంత్రమే, ఇక్కడ మాకోసం ప్రార్థన చేసే మా సంఘం వాళ్ళకి ఉత్తరం రాశాను. ఇక్కడ నాకు ప్రాణస్నేహితురాలు దొరికింది, ఇవాళ గంటసేపు ఒక్క తడబాటు లేకుండా మాట్లాడుకున్నాం, దేవునికి స్తోత్రం అని రాశాను.

గురువారం మాకు బడిలో పరీక్ష. నేను ఫస్టు వచ్చాను. ఒక్కసారి కూడా మాట ఆపలేదని పెద్ద టీచరమ్మ అందరి ముందూ మెచ్చుకుంది.

శుక్రవారం కొత్త పాఠం మొదలైంది. నిన్న మీ రోజు ఎలా గడిచింది అని అడిగి, విని, జవాబు చెప్పాలి. నవ్వుకుంటూ కిందకి వెళ్ళి ఆవిడని అడిగాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, మెల్లగా ఏదో చెప్పింది. చాలా సంతోషం, మీ మాట విని నాకు ఆనందంగా ఉంది అన్నాను. పాఠంలో ఉన్నది అదే.

ఆ తర్వాత ఆవిడ గుండుసూదులు నోట్లోంచి తియ్యడం మానేసింది. ఆటలు కూడా మానేసింది. ఏడాది పాటు నేర్పుతానని బడికి మాటిచ్చింది కాబట్టి రోజూ గంట కూర్చునేది, అడిగినదానికి చెప్పేది, గంట కాగానే మిషను వైపు తిరిగేది. నాకు మాటలు బాగా వచ్చేశాయి కాబట్టి ఇంక చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పక్కర్లేదనుకుంటోంది అనుకున్నాను. మనిషికి పొగరుంటే ఎంతదాకా పోతుందో చూడండి.

ఎనిమిదో నెల దాటాక ఒక రోజు ఆవిడ సూదిలో దారం ఎక్కించలేక నాలుగుసార్లు తప్పింది. అప్పటికి నాకు భాష నిజంగానే వచ్చింది. ఏమైందక్కా అని అడిగాను. ఎడమ కన్ను పోయింది, లోపల నీటి ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందన్నారు అంది. నేను అక్కడే ఆవిడ తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశాను, వాళ్ళ భాషలోనే, ఒక్క తప్పు లేకుండా. ఆవిడ తల వంచుకుని కూర్చుంది. ఆమెన్ మాత్రం అనలేదు.

పదకొండో నెలలో బడి వాళ్ళు చివరి పని ఇచ్చారు. మొదటి నెలల రికార్డులు తీసి, విని, మాట మాటా రాసుకు రమ్మన్నారు, ఎంత ఎదిగారో మీకే తెలుస్తుంది అని. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ సోమవారం రికార్డు పెట్టాను.

"గురువారం నా ఎడమ కంటికి ఆపరేషను, చెల్లీ. నేను పొద్దున ఆరింటికే వెళ్ళి చేరాలి. తోడు మనిషి వచ్చి సంతకం పెడితే గానీ లోపలికి తీసుకెళ్ళరట. తాళాలాయన వస్తానన్నాడు, వద్దన్నాను. మగవాళ్ళ ముందు నాకు ఏడుపు కూడా రాదు. నువ్వు వస్తావా?"

ఆ వెంటనే నా గొంతు, గలగలలాడుతూ. తప్పకుండా వస్తానంటోంది. ఎన్ని గంటలకి అంటోంది. తొమ్మిదింటికి, పెద్దాసుపత్రి గేటు దగ్గర అని ఆవిడ అంటే, మీరేం దిగులు పడకండి అంటోంది.

శుక్రవారం రికార్డు కూడా పెట్టాను. పదకొండింటి దాకా గేటు వైపే చూశానని చెప్తోంది. ఆ మంచం వేరేవాళ్ళకి ఇచ్చేశారని, మళ్ళీ వంతు ఐదు నెలల తర్వాతేనని, అప్పటిదాకా కన్ను ఆగుతుందో లేదో డాక్టరు చెప్పలేకపోయాడని చెప్తోంది. నీకేమైనా అయిందేమోనని భయపడ్డాను చెల్లీ అంటోంది. దానికి నేను చాలా సంతోషం అన్నాను. మీ మాట విని ఆనందంగా ఉందన్నాను. ఛీ, నా నోరు పడిపోను.

మా ఆయనకి వినిపించాను. ఈసారి దెప్పడం ఆయన వంతు. దెప్పినా బాగుండేది. ఆయన ఫోను ఆపి, కిందకి వెళ్దువు గాని పద, నేను కూడా వస్తాను అన్నారు. వద్దు, ఒక్కదాన్నే వెళ్తానన్నాను.

మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. ఆ మధ్య నుంచి ఇస్త్రీ, బొత్తాలు కుట్టడం, అవే చేస్తోంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. రికార్డు విన్నానని, ఆ రోజు పాఠం ఆట అనుకున్నానని, ఆసుపత్రి అన్న మాటే నాకు తెలియదని, తెలియకుండానే వస్తానన్నానని. ఏ పాఠంలోనూ లేని మాటలు అవి, ఎలా వచ్చాయో నాకే తెలియదు. కాళ్ళ మీద పడబోతే ఆవిడ పక్కకి జరిగింది.

"అయితే ఆ రోజు నీకు ఏమీ అర్థం కాలేదా?" అంది.

లేదక్కా అన్నాను.

ఆవిడ చొక్కా తిరగేసి రెండో చెయ్యి ఇస్త్రీ చేసింది. "రాలేక రాలేదనుకున్నాను. తర్వాత రోజు నవ్వావు చూడు, అప్పుడు ఇష్టం లేక రాలేదనుకున్నాను" అంది. "అర్థం కాలేదు అని ఒక్క మాట అనుంటే, తాళాలాయన్నే తీసుకెళ్ళేదాన్ని కదా. మీ ఆయన వీధంతా అంటూనే ఉంటాడు, ఆయనకేమైనా పరువు పోయిందా?" అంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు అందరం చదువుకున్నదే. నేను కుడి కన్ను గురించి అడిగాను. దానికీ ఒత్తిడి మొదలైందట, ఆపరేషనుకి వచ్చే నెల రమ్మన్నారట. పది రోజుల్లో మేం ఆ ఊరు వదిలి లోపలికి వెళ్ళాలి. వెళ్ళనన్నాను. మిషన్ వాళ్ళతో మాట్లాడతాను, మా ఆయన్ని, పిల్లని పంపేసి నేను ఉండిపోతాను, ఈసారి నేనే వస్తాను అక్కా అన్నాను. బతిమాలాను. నా బతుక్కి అదొక్కటైనా మిగలాలనుకున్నాను.

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "వద్దు చెల్లీ. తాళాలాయనకి చెప్పాను. ఆయన వస్తానంటే వస్తాడు."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఇంకోసారి బతిమాలేదాన్ని. చొక్కా మడతపెట్టి పక్కన పెట్టి, గుట్టలోంచి ఇంకొకటి తీసుకుంది. నేను మెట్లెక్కి పైకి వచ్చేశాను. పదో రోజు సామాను సర్దుకుని వెళ్ళిపోయాం.

ఆ కన్ను నిలిచిందని కొన్ని నెలలకి పెద్ద టీచరమ్మ మా ఆయనకి రాసింది. తాళాలాయన్ని తొమ్మిదింటికి రమ్మన్నారట. ఆయన ఆరింటి నుంచే గేటు దగ్గర నిలబడి ఉన్నాడట.