సెలవు మీద ఆడిన ఆట

నేను జీవితంలో గెలవకూడని ఆట ఒకటి గెలిచాను. అది రమ్మీ. రియాద్‌లో, మలాజ్ అనే పేటలో, మేం ఐదుగురం ఉండే గదిలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం.

ప్రతి శుక్రవారం అన్నాలు తిన్నాక చాప పరిచి పదమూడు ముక్కలు పంచుకునేవాళ్ళం. పైసలు పెట్టేవాళ్ళం కాదు. ఆ దేశంలో పేకాడుతూ పైసలతో దొరికితే ఏమవుతుందో మాకు తెలుసు, అంత ధైర్యం ఎవరికీ లేదు. ఓడినవాడు చాయ్ పెట్టాలి, గిన్నెలు తోమాలి. అంతే పందెం. ఆ నాలుగు గిన్నెల కోసం ఆస్తి తగాదాలా కొట్లాడుకునేవాళ్ళం. అందరికంటే పెద్ద నోరు నాదే.

ఆ చాప మీద నేను పెట్టిన రూలు ఒకటుండేది. ముక్కలు పంచాక ఎవరూ ఇంటి సంగతి ఎత్తకూడదు. ఒకసారి మాలో ఒకతను ఆట మధ్యలో, కూతురికి జ్వరం తగ్గట్లేదని చెప్పి ఏడ్చాడు. నా చేతిలో అప్పుడు మంచి ముక్కలున్నాయి. ఆట ఆగిపోయేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏడుపు ఎవ్వనికి లేదుర బయ్? వారానికి రెండు గంటలన్న నవ్వనియ్యుండ్రి" అని అరిచాను. అందరూ సరేనన్నారు. నిజం చెప్పాలంటే అందరికీ ఆ రూలు నచ్చింది కూడా.

మా గదిలో పెద్దాయన ఒకాయన ఉండేవాడు. నేనూ ఆయనా ఒకే కంపెనీలో ఏసీలు బాగు చేసేవాళ్ళం. మాది జగిత్యాల వైపు, ఆయనది కరీంనగర్ దగ్గర పల్లె. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. పిల్లలు లేరు. ఊళ్ళో వదిన ఒక్కతే. రోజూ తెల్లవారుజామున మసీదులో ఫజర్ నమాజు పిలుపు వినపడే వేళకే లేచి, కంపెనీ బస్సు వచ్చేలోపు మెట్ల మీద కూర్చుని ఆమెతో మాట్లాడేవాడు. ఏం వండినవ్, ఏం తిన్నవ్, అంతకుమించి ఏమీ ఉండేది కాదు. మేమంతా ఆయన్ను కొత్త పెళ్ళికొడుకని ఆటపట్టించేవాళ్ళం.

మా సెక్షన్‌లో ఒకరు ఊరి నుంచి తిరిగొస్తేనే ఇంకొకరికి సెలవు. ఆ ఏడు ఫిబ్రవరిలో సెలవు కావాలని ఆయనా నేనూ ఇద్దరం అడిగాం. నాకు బావమరిది పెళ్ళి. పెద్ద అల్లుడు లేకుండా పెళ్ళేమిటని నా భార్య ఫోన్లో రోజూ పోరు పెడుతోంది. మా సూపర్‌వైజర్, మీలో మీరు తేల్చుకుని శనివారం ఒక పేరు చెప్పండి అన్నాడు.

"ముక్కల మీదనే తేల్చుకుందాం పా" అన్నది నేనే.

మిగతా ముగ్గురూ ఆట మానేసి చుట్టూ చేరారు. నేను ముక్కలు పంచాను. ఆయన తన ముక్కలు తీసుకోకుండా నా వైపు చూశాడు.

"తమ్మీ, ఈసారి నన్ను పోనియ్యరాదు? ఇంటికాడ మీ వదినకు జరంత..."

"ముక్కలు పంచినంక ఇంటి ముచ్చట లేదన్నా. రూలు రూలే" అన్నాను. నవ్వుతూనే అన్నాను. వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

ఆయన ముక్కలు తీసుకున్నాడు. మామూలుగా ఆయన చాలా గట్టి ఆటగాడు. నేను ఏం ఏరుతున్నానో చూసి, దానికి దగ్గరి ముక్క చచ్చినా వదలడు. ఆ రోజు నేను ఆయన కళ్ళెదురుగానే ఆఠీను పది ఎత్తుకున్నాను. రెండు చుట్లు తిరిగాక ఆయన ఆఠీను తొమ్మిది వేశాడు. నాకు కావలసింది అదొక్కటే. "షో!" అని ముక్కలు చాపకేసి కొట్టాను. ఆయన ముక్కలు తిప్పి చూస్తే రెండు జోకర్లున్నాయి, అయినా ఒక్కటీ కలపలేదు. అందరూ పకపకా నవ్వారు. ఆయన లేచి చాయ్ పెట్టడానికి వెళ్ళాడు.

నేను వెళ్ళాను. పెళ్ళి ఘనంగా జరిగింది. చుట్టాలు కదలనివ్వలేదు, కంపెనీకి ఫోన్ చేసి ఇంకో పది రోజులు పొడిగించుకున్నాను. నేను తిరిగొచ్చిన రోజు పొద్దుటే ఆయన విమానం ఎక్కేశాడు. ఆ సాయంత్రం మా గదికి వచ్చిన ఆయన ఊరివాడొకడు అసలు సంగతి చెప్పాడు.

వదినకు రొమ్ములో గడ్డ. వెంటనే ఆపరేషన్ చేయాలని కరీంనగర్ డాక్టర్లు జనవరిలోనే చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. ఆయన వచ్చి పక్కన నిలబడితేనే బల్ల ఎక్కుతానంది. ఫిబ్రవరిలో వస్తానని ఆయన మాటిచ్చాడు. మా కంపెనీలో చావు కబురొస్తేనే ఎమర్జెన్సీ లీవు, జబ్బుకు ఇవ్వరు. పైగా పెళ్ళానికి ఎక్కడ జబ్బో సూపర్‌వైజర్‌కు చెప్పుకోవడానికి ఆయనకు నోరు రాలేదట. నాకు చెప్పబోతే నేను రూలు చెప్పాను, ఓడాక మళ్ళీ అడగడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆమె నా కోసం, నా బావమరిది పెళ్ళి కోసం, నా పది రోజుల కోసం ఆగింది.

ఆయన వెళ్ళేసరికి జబ్బు కాలేయానికి పాకింది. ఇక కోసి లాభం లేదన్నారు. ఆయన చేతుల్లో పంతొమ్మిది రోజులు బతికింది.

సెలవు అయిపోగానే ఆయన తిరిగొచ్చాడు. గుండుతో, పెట్టె చేత పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను కాళ్ళ మీద పడిపోయాను. పెద్దగా ఏడ్చాను, ఏమన్నానో నాకే తెలియదు. ఆయన నన్ను లేపి మంచం మీద కూర్చోబెట్టాడు.

"నువ్వేం జేస్తవ్ తమ్మీ. నువ్వు పది ఎత్తుకున్నది నేను జూసిన. జూసి గూడ తొమ్మిది ఏసిన. నేనే ఆ ముక్క ఎయ్యకుండ ఉండాల్సింది."

నన్ను తిట్టి ఉంటే, చెంప పగలగొట్టి ఉంటే, ఈ పాటికి కొంచెమైనా తేలికపడేవాణ్ణేమో. తన భార్య తాను వేసిన ముక్క వల్ల పోయిందని ఆయన నిజంగా నమ్ముతున్నాడు. ఎన్నిసార్లు కాదని చెప్పినా వినడు.

మళ్ళీ సెలవుల కాగితాలు పెట్టే కాలం వచ్చింది. ఈసారి మొదటి వంతు ఆయనది. నేను అడగనే లేదు. ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి నా దిండు మీద సెలవు ఫారం ఉంది. నా పేరు, నా ఇకామా గుర్తింపు కార్డు నంబరు, తేదీలు అన్నీ ఆయన చేతిరాతతో నింపి ఉన్నాయి.

"నా వంతు గూడ నువ్వే పో తమ్మీ. నాకెవలున్నరు పోనీకి?" అన్నాడు, గోడవైపు తిరిగి పడుకుంటూ.

వద్దనాలి. చించి పారేయాలి. కానీ ఊళ్ళో నా భార్య ఎదురుచూస్తోంది. ఏడుస్తూనే పెన్ను తీశాను. సంతకం పెట్టాను.