బొగ్గు మీద వేసిన నెపం

లేవి మోటారు పని నేర్చుకున్నది బస్రాలో. మొదటి యుద్ధంలో కూలీల పటాలంతో ఓడెక్కి పోయాడు. లారీల కింద పడుకుని పనిచేసేవాళ్లకు పానాలు అందిస్తూ అందిస్తూ రెండేళ్లకు తానే కింద పడుకునేవాడయ్యాడు. ఇంటికొచ్చాక, కోతలకూ కలుపుకూ పోయే అన్నదమ్ములు ఇనుములో కూడు పుడుతుందా అని నవ్వారు. పుట్టింది. బేతంచెర్ల దగ్గర రాతిగని యజమాని ఒకాయన కారు కొని లేవిని డ్రైవరుగా పెట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ కారుకు లేవి చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి తెలియదు.

పందొమ్మిదివందల నలభైమూడు ఎండాకాలానికి పెట్రోలు కరువై, కారు వెనక ఇనప పీపా బిగించి, అందులో బొగ్గు రాజేసి, ఆ గాలితో నడుపుతున్నారు. బొగ్గుగాలికి బలం తక్కువ. ముసలి ఎద్దు అరక లాగినట్టు లాగేది బండి. ఆ పొద్దున గనికి వస్తుంటే అది మామూలు కన్నా ఇంకొంచెం బరువుగా ఉన్నట్టు లేవికి తోచింది. బొగ్గు చెమ్మగిల్లిందేమోలే అనుకుని దిగిపోయాడు.

పదకొండు గంటలకు గనిలో బండ జారి చిన్న ఈరన్న కాలు మోకాటి కింద నలిగిపోయింది. కాంపౌండరు తొడకు పటకా బిగించి కట్టి, రెండు గంటల్లో కర్నూలు ఆసుపత్రికి చేర్చకపోతే మనిషే దక్కడని చెప్పాడు. అదే గనిలో పనిచేసే అన్న పెద్ద ఈరన్న, వెనక సీట్లో తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లేవి బండి కదిలించాడు.

వెల్దుర్తి దాటేసరికే గంట గడిచింది. చిన్న ఎత్తుకు కూడా ఇంజను రొప్పుతోంది. వెనక మూలుగు సన్నగిల్లుతోంది. అదే లేవిని ఎక్కువ భయపెట్టింది. మూలిగినంతసేపూ మనిషి ఉన్నట్టే కదా.

"ఈ బొగ్గుబండితో అయ్యేది గాదు లేవీ," అన్నాడు పెద్ద ఈరన్న. "నిలుపు. ఎద్దులబండి యాడన్నా దొరుకుతాదేమో సూస్తా."

లేవి నిలిపాడు. పీపా మూత తీసి చూస్తే నిప్పు కణకణలాడుతోంది. గాలి గొట్టం శుభ్రంగా ఉంది. బొగ్గు చెమ్మగిల్లలేదు. మరి లోపం ఎక్కడ? మళ్లీ ఎక్కి, చదును నేల మీద కొంచెం వేగం అందుకున్నాక గేరు తప్పించి వదిలేశాడు. బండి తన బరువుకు తాను దొర్లుకుంటూ పోవాలి. నాలుగు బారలు పోకుండానే, వెనకనుంచి ఎవరో పట్టి ఆపినట్టు నిలిచిపోయింది.

"బలం సాలక గాదన్నా. సక్రాన్ని ఏందో పట్టుకోనుండాది," అన్నాడు.

దిగి ఒక్కో చక్రం దగ్గరా వంగి, మధ్యభాగానికి అరచేతి వెనకవైపు ఆనించి చూశాడు. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి ఆనకముందే సెగ తగిలింది. బ్రేకు పట్టీ మాడుతున్న వాసన. ఇంతసేపూ అది బొగ్గు వాసనలో కలిసిపోయింది.

పెద్ద ఈరన్న తాగేనీళ్ల కడవ ఎత్తి చక్రం మీద పోయబోయాడు. లేవి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"పొయ్యొద్దన్నా. కాలిన ఇనుము పగుల్తాది. పగిలితే ముగ్గరం ఈడనే."

జాకీతో ఎత్తి చక్రం తిప్పితే తిరగలేదు. కిందికి దూరి చూస్తే సంగతి తెలిసింది. తొక్కిన కాలు తీశాక బ్రేకును వెనక్కి లాగే స్ప్రింగు తెగిపోయి ఉంది. దుమ్ము పట్టి పిడి బిగుసుకుని, బ్రేకు పట్టినది పట్టినట్టే ఉండిపోయింది. లేవి ఆ చక్రానికి బ్రేకును లాగే కమ్మీ ఊడదీసి, సుత్తితో పిడిని వెనక్కి కొట్టాడు. మూడో దెబ్బకు చక్రం వదులైంది. మోచేతులు కాలిన సంగతి అతనికి అప్పుడు తెలియలేదు.

ఆ కారుకు బ్రేకులు వెనక రెండు చక్రాలకే. ఇప్పుడు మిగిలింది ఒక్కటి. గట్టిగా తొక్కితే బండి కుడికి తిరిగిపోతుంది. ఆ మాట పెద్ద ఈరన్నకు చెప్పి, పోదామా అని అడిగాడు. అతను తమ్ముడి మొహం చూసి, పోనీ అన్నాడు.

బండి ఒక్కసారిగా తేలికైపోయింది. తేలికైనకొద్దీ లేవికి గుండె బరువెక్కింది. ముందు వంకలోకి దిగే పల్లం ఉంది. అక్కడ చిన్న గేరులో వేసి, ఇంజనునే పగ్గంగా పట్టుకుని దిగుతుంటే, అడుగున జొన్నచొప్ప బండి ఒకటి అడ్డంగా కనిపించింది. హారను కొడుతూ బ్రేకు మెల్లగా అద్ది వదిలాడు, మళ్లీ అద్ది వదిలాడు. తొక్కినప్పుడల్లా ముక్కు కుడికి లాగుతుంటే స్టీరింగును ఎడమకు తిప్పి పట్టాడు. ఎద్దులబండి ఓరకు తొలిగేలోగా చొప్ప కారు పక్కను గీసుకుంటూ పోయింది. 

కల్లూరు దాటి ఆసుపత్రి చేరేసరికి రెండు గంటల గడువు మీద పది నిమిషాలు దాటింది. చిన్న ఈరన్నను లోపలికి మోసుకుపోయారు. వసారాలో ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. లేవి నేల చూస్తూ అన్నాడు.

"పొద్దున్నే బండి బరువుగా ఉండాదని నాకు తెలిసిందన్నా. బొగ్గు మీద పెట్టి ఊరుకుంటి. అప్పుడే సూసింటే నీ తమ్మునికి అర్ధగంట మిగిలేది."

 పెద్ద ఈరన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. తర్వాత, ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు.

"ఆ బండను నిన్న సుత్తితో తట్టి సూస్తి. డొల్ల సప్పుడొచ్చె. రేపు సూద్దాంలే అంటి."

సాయంత్రం డాక్టరు బయటికొచ్చి కాలు తీసేశామని, ప్రాణానికి భయం లేదని చెప్పాడు. ఎముక పిండి అయిపోయిందట. ఎంత తొందరగా తెచ్చినా ఆ కాలు నిలిచేది కాదన్నాడు. ఆ మాటకు లేవి ఎంతవరకూ ఊరట పొందాడో అతని భార్య కృపమణికి కూడా తెలియదు. ఆ ఆదివారం గుడిలో ప్రార్థన అయిపోయాక కూడా చాలాసేపు మోకాళ్ల మీదే ఉండిపోయాడని మాత్రం ఆమె చెప్పేది.

చిన్న ఈరన్న మూడు నెలలకు ఊతకర్రతో గనికి తిరిగొచ్చాడు. కూర్చుని బండలు చెక్కే పని ఇచ్చారు.