ఖాళీ కవర్ల లెక్క

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఓ వానాకాలం మొదట్లో, హైటెక్ సిటీలోని మా కంపెనీ నన్ను సామాజిక బాధ్యత విభాగానికి అధిపతిని చేసింది. అంతకు ముందు పాతికేళ్లూ నేను చూసుకున్నది సర్వర్లు. మొక్కలతో నా పరిచయం బాల్కనీలో తులసి కుండీ వరకే. జనరల్ మేనేజర్ హోదా వచ్చినవాడికి తెలియనిది ఉండదని కంపెనీల్లో ఒక నమ్మకం. నేనూ కొంత నమ్మాను.

మొదటి పని, నార్సింగి దాటి రింగు రోడ్డుకు అవతల ఉన్న ఒక ఊరి గుట్ట మీద ఆరువందల మొక్కలు నాటించడం. వాటిని పెంచింది ఊరి మహిళా సంఘం నర్సరీ. దానికి పెద్ద యాదమ్మ. మా పద్ధతి ప్రకారం ఎండాకాలం పోయాక బయటి సంస్థ వచ్చి బతికిన మొక్కల్ని లెక్కిస్తుంది. ఎక్కువ చస్తే, మరుసటి ఏడాది ఆర్డరు నగరంలోని పెద్ద నర్సరీకి పోతుంది. అంటే యాదమ్మకూ, ఆమెతో ఉన్న పన్నెండు మంది ఆడవాళ్లకూ పని పోయినట్టే.

శనివారం పొద్దున్నే మియాపూర్, లింగంపల్లి నుంచి మూడు బస్సుల్లో మా ఉద్యోగులు దిగారు. అందరికీ టోపీలు, చేతితొడుగులు, నేను స్వయంగా రాసిన సూచనల కార్డు. నాటిన ప్రతి మొక్కకూ ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. పదకొండున్నరకల్లా యాప్ నూటికి నూరు చూపించింది. డైరెక్టరు గారికి నివేదిక పంపేసి, పులిహోర పొట్లం విప్పాను.

అప్పుడు యాదమ్మ గోనెసంచి పట్టుకుని వచ్చింది. మొక్కలు పెరిగిన నల్ల ప్లాస్టిక్ కవర్లను ఏరుకెళ్లి, పనికొచ్చేవి కడిగి మళ్లీ వాడటం వాళ్ల అలవాటు.

"కవర్లేవి సారూ? ముప్పై గూడ లేవు."

నా జవాబు కోసం ఆగకుండా ఒక మొక్క దగ్గర కూర్చుని మట్టి తీసింది. లోపల కవరు కవరుగానే ఉంది.

"ఇది నాటుడు గాదు సారూ, బొందపెట్టుడు. గింత కవర్ల వేర్లు యాడికి పోతయ్?"

కుర్రాళ్ల మీద విసుక్కోబోయాను. ఒక టీమ్ లీడరు అమ్మాయి వినయంగా నా కార్డే నాకు చూపించింది. 'వేళ్ల చుట్టూ మట్టిని ఎట్టి పరిస్థితిలోనూ కదిలించరాదు' అని ఉంది. కవరు కోసి తీయాలని నేను రాయలేదు. అది రాయాల్సిన విషయమని నాకే తెలియదు. ఇంజనీర్లు కదా, రాసింది రాసినట్టు చేశారు. నాకు నిజంగా సిగ్గేసింది.

డైరెక్టరు గారికి ఫోన్ చేసి నివేదిక వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆయన అప్పటికే దాన్ని పైవాళ్లకు పంపేశారట. తప్పెవరిదని అడిగితే నాదేనన్నాను. సాయంత్రం దాకా బస్సులు ఆపుకోమన్నారు.

మధ్యాహ్నమంతా గుట్ట మీద యాదమ్మదే రాజ్యం. కవరును బ్లేడుతో నిలువునా ఎలా కోయాలో చూపించి, తన మనుషుల్ని వరసకొకరిని నిలబెట్టింది. మా వైస్ ప్రెసిడెంటు ఒకాయన మొక్కను మెడ పట్టి లాగితే, "గట్ల గుంజకు బిడ్డా! జర పైలం, పసిపిల్లను వట్టుకున్నట్టు వట్టుకో" అని కసిరింది. ఆయన బుద్ధిగా తలూపాడు. నన్ను మాత్రం బ్లేడు ముట్టనివ్వలేదు. "మీరు నీళ్లు మోయుండ్రి సారూ, గది చాలు" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వుతూ మోశాను.

మరుసటి జూన్‌లో లెక్కకు వచ్చినవాళ్లకు గుట్ట చాలా వరకు పచ్చగానే కనిపించింది. ఆర్డరు ఆ ఊరికే వచ్చింది.

నేను నేర్చుకున్నది ఇంతే: పని సరిగ్గా జరిగిందో లేదో తెలియాలంటే, అది చెడితే ఎవరి బువ్వ పోతుందో వాళ్లను అడగాలి. నేను దిగిపోయేదాకా మా నివేదికలో ఖాళీ కవర్ల సంఖ్యకు ఒక గడి ఉండేది. అక్కడ యాదమ్మ సంతకం పడ్డాకే, నేను పెట్టేవాణ్ణి.