యమునకు నెల తప్పిన సంగతి

యమున పుట్టిల్లు అమరచింత దగ్గర. గద్వాల అవతల ఒక పల్లెకు కోడలిగా వచ్చింది. మొగుడు లక్ష్మణ్‌కు కొంత సొంత చేను, కొంత కౌలు. రెండింటిలోనూ సీడుపత్తే. కంపెనీలకు విత్తనం పండించి ఇచ్చే పత్తి అది. ఒక రకం మొగ్గను సాయంత్రం గిల్లి ఉంచి, తెల్లారి దానికి ఇంకో రకం పువ్వును రుద్దాలి. ఆ పనిని క్రాసింగు అంటారు. యమున లంగా జాకెట్ల వయసు నుంచే అందులో చెయ్యి తిరిగిన మనిషి.

ఆ చేలల్లో ఒక కట్టుబాటుంది. ముట్టైన ఆడది సాళ్లలో అడుగు పెడితే మొగ్గ రాలుతుందంటారు. మొగ్గ రాలడానికి పురుగుందని, ముసురుందని రైతులకు తెలియక కాదు. అయినా ముందు ఆడవాళ్ల వంకే చూస్తారు. అందువల్ల ఏ నెల ఎవరు దూరమున్నారో, ఎవరు లేరో చేనంతటికీ తెలుసు.

యమున దూరమున్న రోజుల్లో కొట్టం వెనుక గోనెపట్టా మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని పడుకునేది. పెద్దమనిషైన నాటి నుంచీ అదే నొప్పి. "ఒక కాన్పైతే అదే పోతది" అనేది అత్త జములమ్మ. పెళ్లై నాలుగేళ్లైనా కాన్పు రాలేదు, నొప్పి పోలేదు. ఒక ప్రైవేటు డాక్టరు పొట్ట తడిమి, గర్భసంచి తీసేస్తే పీడ విరగడవుతుందన్నాడు. ఆ ఊళ్లో ముప్పై దాటని ఆడవాళ్లు కూడా సంచులు తీయించుకొని ఉన్నారు కాబట్టి జములమ్మకు అది పెద్ద వింతగా తోచలేదు. "ఇంకో ఏడాది చూద్దాం, కాకుంటే తీపిద్దాం" అంది, పాడిగేదె సంగతి తేల్చినట్టు.

యమునకు మాత్రం ఆ మాటకే భయమేసింది. ఎవరికీ చెప్పకుండా లక్ష్మణ్‌ను వెంటబెట్టుకొని కర్నూలు పెద్దదవాఖానకు పోయింది. అక్కడ స్కాను తీసి, డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"సంచి లోపల ఉండాల్సిన పొర నీకు బయట కూడా అంటుకుని పెరుగుతోందమ్మా. నెలనెలా అదీ నెత్తురు కారుస్తుంది. ఆ నెత్తురుకు బయటికి దారి లేదు, అక్కడే గడ్డ కడుతోంది. ఒంట్లో ఊరే ఒక హార్మోను దానికి మేత. ఆ మేత తగ్గించడానికి ఈ మాత్రలు. ఇవి మింగినన్నాళ్లు నెల రాదు. ఆర్నెల్లయ్యాక పిల్లల సంగతి చూద్దాం."

"పత్తికి కొట్టే మందుతోని వచ్చిందా మేడం?" అని అడిగింది యమున.

"అనుమానమైతే ఉంది. కొన్ని మందులు ఒంట్లో చేరి ఆ హార్మోను లాగే పనిచేస్తాయంటారు. నీకు దానివల్లే వచ్చిందని మాత్రం నేను చెప్పలేను. మీ అమ్మకు ఇట్లా ఉండేదా?"

"ఆమె గిట్లనే ముడుచుకొని పండుకునేది."

"అదీ ఒక కారణం కావచ్చు. ఏదేమైనా మందు కొట్టేటప్పుడు చేలోకి పోకు."

చెప్పడం తేలికే. మందు కలపడానికి బిందెలతో నీళ్లు మోసేది ఆ ఇంట్లో యమునే.

మాత్రల రేకు చూడగానే ఇంకో భయం పట్టుకుంది. పిల్లలు వద్దనుకునేవాళ్లకు నర్సమ్మ పంచే గోలీలూ అలాగే ఉంటాయి. పిల్లల్లేని కోడలు వాటిని మింగుతుందని తెలిస్తే జములమ్మ ఇల్లు పీకి పందిరేస్తుంది. లక్ష్మణ్ మంచివాడే గానీ తల్లి ముందు నోరు పెగలని మనిషి. యమున రేకును బియ్యం డబ్బాలో దాచింది.

నొప్పి ఆగింది. నెల కూడా ఆగింది. యమున రోజూ చేలోకి పోతూనే ఉంది. రెండో నెల కూడా దూరముండకపోయేసరికి పక్క సాలులో పనిచేసే బుజ్జమ్మ గమనించింది. పొద్దు గుంకేలోపు మాట జములమ్మ చెవిన పడింది.

ఆ మరునాటి నుంచి యమునకు పొద్దున్నే చిక్కటి పాలు. మందు కొట్టే పంపు భుజానికెత్తుకున్న కొడుకును జములమ్మ గట్టిగా కసిరింది. "నీళ్లకు వేరేటోళ్లను పిలుసుకో. మందు కాడికి పిల్లను రానియ్యకు, కడుపుల బిడ్డకు తగులుతది."

యమున పాలగ్లాసు అందుకుంది. నొప్పితో మెలికలు తిరిగిన ఇన్నేళ్లలో ఆ మందు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమెకు కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. పాలు మాత్రం తాగింది.

నిజం చెబితే గోలీలు పొయ్యిలో పడతాయి, సంచి కత్తికి పోతుంది. చెప్పకపోతే, పొట్ట పెరగక ఎలాగూ బయటపడుతుంది. జములమ్మ బీచుపల్లి అంజన్నకు మొక్కు మొక్కి, ఇక అమరచింతకు కబురు పంపుతానన్న రోజున యమున రేకు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"కడుపు లేదత్తా. గీ గోలీలతోని నెల ఆగింది."

"గివి పిల్లలు కాకుండ మింగేటియి గదనే."

"నాకు నొప్పికిచ్చిండ్రు. ఇవి అయినంక పిల్లల సంగతి చూద్దామన్నది డాక్టరమ్మ. ఇప్పుడు బంద్ చేస్తే మల్ల సంచి తీసుడే అంటరు. నేను తీపియ్య."

లక్ష్మణ్ ఆ ఒక్కసారికి నోరు తెరిచాడు. "నిజమే అవ్వా. నేనే తోల్కపోయిన."

జములమ్మ చాలాసేపు రేకును అటూ ఇటూ తిప్పింది. ఆమె దిగులు గోలీల గురించి కాదు. "సగం ఊరికి చెప్పుకున్న. ఇప్పుడు ఏమని మొఖం సూపియ్యాలె?" అని, కొంగు దులుపుకొని లేచిపోయింది.

తెల్లారి బోరింగు దగ్గర ఆమే చెప్పింది. కడుపు నిలవలేదట. మందు వాసనకు పోయిందట. సంచికి బలమని డాక్టరమ్మ గోలీలిచ్చిందట, ఆర్నెల్లు తప్పకుండా మింగాలట. ఇంటికొచ్చి రేకును దేవుడి గూటి పక్కన అందరికీ కనబడేలా పెట్టింది.

మధ్యాహ్నానికి వాడకట్టు ఆడవాళ్లంతా పలకరించడానికి వచ్చారు. బుజ్జమ్మ యమున తల తన ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది. ఇంకొకామె కాళ్లు నిమిరింది. కొట్టం వెనుక పడుకున్నన్నాళ్లూ వీళ్లలో ఒక్కరూ ఇటు రాలేదు. రాని బిడ్డ కోసం అందరూ వచ్చారు. యమున ముందు బిగబట్టుకుంది. తర్వాత తన వల్ల కాలేదు. పెద్దమనిషైన నాటి నుంచి ముడుచుకొని మింగిన నొప్పికంతటికీ కలిపి, నలుగురి మధ్య గొంతెత్తి ఏడ్చింది. తల్లి ప్రాణం కదా అనుకుంటూ వాళ్లూ ఆమెతో పాటు ఏడ్చారు.