మాట నాది, కాళ్లు దానివి

కాశీబుగ్గ దాటి వజ్రపుకొత్తూరు వైపు పోయే రోడ్డు పక్కన కొబ్బరితోటలో ఒక రేకుల సాల ఉంది. దూరం నుంచి చూసినవాళ్లు ఆవులవో గేదెలవో అనుకుంటారు. దగ్గరికెళితే లోపల రెండు గుర్రాలుంటాయి, గుమ్మంలో చీపురు పట్టుకుని మహాలక్ష్మి కనిపిస్తుంది. పలాస, టెక్కలి చుట్టుపక్కల పెళ్లికొడుకు తెల్లగుర్రమెక్కి ఊరేగాడంటే ఆ గుర్రం మహాలక్ష్మిదే. దాని పేరు ముత్యం. రెండోది గోధుమరంగుది, వయసు మళ్లింది. దాన్ని పెద్దోడు అని పిలుస్తుంది.

ఊరేగింపులో ముత్యం పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లకు అది ఆ పూటకి ఎక్కడి నుంచో ఊడిపడినట్టే ఉంటుంది. మిగతా రోజులు ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో ఒక్కరికీ పట్టదు. ఆషాఢం వచ్చి ముహూర్తాలు ఆగిపోగానే గుర్రాలను రోడ్డు మీదకి తోలేసే మహానుభావులున్నారు. అవి చెత్తకుప్పల దగ్గర ప్లాస్టిక్ కవర్లు నములుతూ తిరుగుతాయి. శ్రావణం రాగానే మళ్లీ పట్టుకొచ్చి, కడిగి, జరీ గుడ్డ కప్పి పెళ్లికి తోలుకుపోతారు. ఆ మాట ఎత్తితే చాలు మహాలక్ష్మికి ఒళ్లు మండుతుంది.

"పెళ్లిళ్లు నేవని దానికి ఆకలెయ్యడం మానేస్తాదేటి?" అంటుంది.

ఆమె సాలలో ఆషాఢమూ మాఘమూ ఒకటే. తెల్లారకముందే లేచి పేడ ఎత్తుతుంది. నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుని గిట్టల సందుల్లో మట్టి గీకుతుంది. నానబెట్టిన ఉలవలు, తవుడు, పచ్చగడ్డి వేళకి పెడుతుంది. తన మందులో మాత్రలో మరిచిపోతుంది గాని వాటి నీళ్లతొట్టి కడగడం మరిచిపోదు. వానాకాలం జోరీగలు ముసిరితే వేపాకు పొగ వేస్తుంది. ఎండల్లో తోట దాటనివ్వదు. లాడాలు కొట్టే మనిషి బరంపురం నుంచి రావాలి. అతను రానంటే ఫోన్లో తిట్టి మరీ రప్పిస్తుంది. పడుకోవడానికి వాటి కింద కొబ్బరిపొట్టు పరుస్తుంది. ఉద్దానంలో కొబ్బరిపీచు కొట్టే చోట పొట్టు గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. ఎండబెట్టి, జల్లించి, జానెడు మందాన వేస్తే గుర్రాలకి అంతకన్నా మెత్తటి పరుపు లేదు.

ఇదంతా ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. గుర్రాల పిచ్చి మొగుడు రామూర్తిది. ముత్యాన్ని పిల్లగా ఉన్నప్పుడు ఒడిశా వైపు నుంచి తెచ్చింది అతనే. అప్పట్లో మహాలక్ష్మి పలాసలో హరిబాబుగారి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. పందొమ్మిదేళ్లు కొట్టింది. తర్వాత రామూర్తికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లివచ్చి మంచం మీద పడుకునే మనిషి గుర్రాలనేం చూస్తాడు? ఆమె ఫ్యాక్టరీ మానేసి సాలలోకి దిగింది. మొదట్లో ముత్యం తోక ఆడిస్తేనే ఎగిరి గుమ్మం అవతల పడేది. రామూర్తి మంచం మీంచే చెప్పేవాడు, ఈమె చేసేది. అతను పోయేనాటికి గుర్రం చెవి తిప్పడం చూసి దానికేం కావాలో చెప్పగలిగేది. పెద్దకర్మ నాడే చుట్టాలు సలహాలు మొదలెట్టారు, అమ్మెయ్యమని, ఆడదానికి గుర్రాలెందుకని. అందరికీ వడ్డించాక చెప్పింది, "తిన్నారా? ఇంక ఎల్లండి. గుర్రాలకి దాణా వేళైంది."

మూడేళ్ల పాటు ఆ పట్టుదలతోనే నెట్టుకొచ్చింది. నాలుగో ఏడు కార్తీకంలో హరిబాబుగారి ఇంట పెళ్లి కుదిరింది. పాత యజమాని, ఒక్కగానొక్క కొడుకు. కబురంపి పిలిచి, తెల్లగుర్రమే కావాలన్నాడు. సరేనని మాటిచ్చి వచ్చింది.

ఆ ఏడు ఆశ్వయుజంలో పట్టిన వాన కార్తీకం దాకా వదల్లేదు. కొబ్బరిపొట్టంతా తడిసి ముద్దయింది. పెళ్లికి పది రోజులుందనగా మహాలక్ష్మి సంతబొమ్మాళిలో చెల్లెలి ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. రెండు రోజులు సాల చూడమని మరిది ఈశ్వర్‌కి అప్పగించింది. ఈశ్వర్ ఆటో తోలుకునేవాడు. మనసు మంచిదే, తొందరెక్కువ. పొడి పొట్టు కోసం ఊరంతా తిరిగి, దొరక్క, చివరికి హరిబాబుగారి ఫ్యాక్టరీ వెనక పెరట్లో ఎర్రటి పొట్టు గుట్ట చూశాడు. "కావాలంటే పట్టుకుపో, ఊరికే," అన్నాడు హరిబాబు. రెండు బస్తాలే పట్టాయి ఆటోలో. పెళ్లికి పోయేది తెల్లగుర్రం గదా అని మొత్తం ముత్యం కిందే పరిచాడు. పెద్దోడిని తడిపొట్టు మీదే ఉంచాడు.

మర్నాడు సాయంత్రం మహాలక్ష్మి బస్సు దిగి సాలలో కాలు పెట్టగానే వాసన తగిలింది. ఆ వాసనతో ఆమెకు పందొమ్మిదేళ్ల పరిచయం. ముత్యం ఒక కాలు దింపి ఇంకో కాలు ఎత్తుతోంది, మెడ వంచి మడమలు కొరుక్కుంటోంది. పిడికెడు పొట్టు తీసి అరచేతిలో నలిపి చూసింది. పప్పు మీది పొరతో పాటు పిక్కల తొక్కు ముక్కలు కలిసి ఉన్నాయి. ఆ తొక్కులో ఉండే జీడిరసం చర్మానికి తగిలితే కాలుస్తుంది. తడినేల మీద, గుర్రం బరువు కింద రాత్రంతా నలిగి ఊరింది. ముందుకాళ్లు రెండూ గిట్టల పైన బొబ్బలెక్కి చితికిపోయాయి.

"ఈశ్వరూ, ఏటి పరిసావురా దీని కింద?"

"పొడిగా ఉందని తెచ్చాను వదినా. ఊరికే ఇచ్చారు."

"ఊరికే ఇచ్చారా? నాకూ ఊరికే ఇచ్చారు, సూడు!" అని జీడికి కాలి నల్లబడ్డ రెండు చేతులూ అతని ముఖం ముందు పెట్టింది.

అతను ఏడుపు ముఖం పెట్టాడు. తిట్టడానికి కూడా తీరిక లేదు. ఇద్దరూ కలిసి ముత్యాన్ని బయటకి తెచ్చి, ఆ పొట్టంతా ఎత్తి దూరంగా పారేశారు. సబ్బునీళ్లు ధారగా పోసి, రుద్దకుండా, కాళ్లు పదిసార్లు కడిగింది. కొబ్బరినూనె రాసింది. ఫ్యాక్టరీలో పని మొదలెట్టిన కొత్తలో పక్కన కూర్చున్న అప్పలనరసమ్మ ఈమె కాలిన వేళ్లకు అలాగే చేసింది. టెక్కలి నుంచి వచ్చిన పశువుల డాక్టరు ఇంజెక్షనిచ్చి, పూతమందు రాసిచ్చి, మూడు వారాలు రోడ్డెక్కించొద్దన్నాడు. అప్పటిదాకా ఎవరినీ ఎక్కనివ్వొద్దన్నాడు.

ఆమె వెంటనే హరిబాబుకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. పెద్దోడిని తెస్తానంది, పువ్వులతో రాజాలా తయారు చేస్తానంది. మర్నాడు ఉదయం ఆయన కారు తోటలో ఆగింది.

"గోధుమరంగు గుర్రం మీద నా కొడుకా?" అన్నాడు దిగీ దిగకముందే. "ఒక్క గంట పని మహాలక్ష్మీ. కాళ్లకి వెల్వెట్ గుడ్డ చుట్టెయ్యి, పైన మువ్వలు కట్టెయ్యి. ఎవుడికి తెలుస్తాది?"

"దానికి తెలుస్తాది బాబూ."

"నొప్పి సూది ఒకటి పొడిపించు. డాక్టర్ని నాను పంపిస్తాను."

"సూది పొడిస్తే నొప్పి తెల్దు, నిజమే. పుండు మీద నడిసి నడిసి కాలే పోతాది. ఆ తర్వాత నాకు కాలు పంపిస్తారా?"

ఈశ్వర్ వెనక నుంచి కొంగు లాగాడు. పలాసలో ఆయనతో గొడవ పెట్టుకుని పెళ్లి బేరాలు తెచ్చుకోవడం అయ్యే పని కాదని అతని భయం. ఆ భయం ఆమెకీ ఉంది. లేదంటే అబద్ధమవుతుంది.

"మాటిచ్చావు నువ్వు. మాట తప్పుతావా?" అన్నాడు హరిబాబు.

"మాట ఇచ్చింది నాను. కాళ్లు దానివి."

ఆయనకి కోపం నషాళానికంటింది. "నా ఉప్పు తిన్న మనిషివి. పందొమ్మిదేళ్లు నీకు తిండి పెట్టాను!"

అప్పటిదాకా ఆమె గొంతు తగ్గించే మాట్లాడింది. ఆ మాటతో భయం ఎటు పోయిందో పోయింది. రెండు చేతులూ చాపి ఆయన చొక్కా గుండీల దగ్గర దాకా తీసుకెళ్లింది. వేళ్ల కొనలు నల్లగా, గరుకుగా ఉన్నాయి. ఆ వేళ్లకి ముద్రలు అరిగిపోయి, రేషన్ డిపోలో మిషన్ ఆమెను మనిషిగా ఒప్పుకోక పదిసార్లు నొక్కిస్తుంది.

"ఇదిగో బాబూ, మీరు పెట్టిన తిండి. తొడుగులు అడిగితే పని నెమ్మదైపోతాదన్నారు. బూడిద రాసుకోమన్నారు. రాసుకున్నాను. నా సేతులు కాలినప్పుడు నోరు మూసుకున్నాను. అది నా తప్పే, ఇప్పుడు సిగ్గేస్తంది. దీని కాళ్లకి మాత్రం మూసుకోను. పెళ్లికొడుక్కి కాళ్లున్నాయి గదా, నడిపించండి!"

ఆయన ఒక్క క్షణం ఆ వేళ్లను చూశాడు. తర్వాత కారెక్కి తలుపు దడాలున వేసుకున్నాడు. "పలాసలో నీ గుర్రాన్ని ఎవుడు పిలుస్తాడో సూస్తాను," అన్నాడు కిటికీలోంచి. కొడుకు పువ్వుల కారులో ఊరేగాడు. పెళ్లికి ఏ లోటూ రాలేదు. గుర్రం లేక ఆగిపోయే పెళ్లి లోకంలో ఎక్కడుంది గనక?

ఆయన అన్నంతా చేశాడు. ఆ మార్గశిరంలో ఒప్పుకున్న పెళ్లిళ్లవాళ్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి ఏదో ఒక వంక చెప్పారు. "అప్పుడే సెప్పాను వదినా," అన్నాడు ఈశ్వర్. "సెప్పావు, ఇన్నాను. ఇప్పుడు గడ్డి కొయ్యి," అంది. ఆ ఏడంతా ఇచ్ఛాపురం అవతల ఒడియా పెళ్లిళ్లే వాళ్లను నిలబెట్టాయి. అంత దూరం పెద్దోడిని రెండు రోజులు నడిపించుకుని, మధ్యలో సరుగుడు తోటల్లో ఆగి మేపుకుంటూ తీసుకెళ్లేది. ఎండల్లో ఆ పనీ లేనప్పుడు చెవిదుద్దులు తీసి ఉలవలు తెచ్చింది. అప్పటికీ పిక్కలు కొట్టడానికి మాత్రం తిరిగి వెళ్లలేదు.

ముత్యం కాళ్లు మానాయి. పుండ్లు పూర్తిగా ఆరాక రోజూ ఉదయం సముద్రపు ఒడ్డున మెత్తటి ఇసుకలో నడిపించింది. కుంటు పోయింది. కాని కాలిన చోట వెంట్రుక మళ్లీ రాలేదు. తెల్లటి కాళ్ల మీద గిట్టల పైన నల్లటి చర్మం పట్టీల్లా మిగిలిపోయింది.

మరుసటి ఏడు మాఘంలో అప్పలనరసమ్మ సాలకి వచ్చింది. ఇప్పటికీ ఆ ఫ్యాక్టరీలోనే పిక్కలు కొడుతోంది. కొడుకు హేమంత్‌కి పెళ్లట. గుర్రం కావాలంది.

"మీ ఫ్యాక్టరీ బాబుకి కోపమొస్తాది అప్పా. పని తీసేస్తాడేమో."

"పెళ్లి నా కొడుకుదే గాని ఆయనది కాదు గదా. తెల్లదే కావాల."

"దాని కాళ్లు సూసావా?"

"సూసే వచ్చాను."

పెళ్లినాడు ముత్యానికి స్నానం చేయించి, జూలు దువ్వి, జరీ గుడ్డ కప్పి తీసుకెళ్లింది. కాళ్లకేమీ చుట్టలేదు. హేమంత్ ఎక్కి కూర్చున్నాడు. ఫొటోగ్రాఫర్ కుర్రాడు కెమెరాలోంచి చూసి ముఖం చిట్లించాడు. "అమ్మా, కాళ్ల దగ్గర మచ్చలు పడతన్నాయి. కాసింత పౌడరు కొట్టండి. నేపోతే కాళ్లు రాకుండా తీసెత్తాను."

"పౌడరొద్దు," అంది మహాలక్ష్మి. "కాళ్లు రాకపోతే గుర్రాన్ని ఇంటికి తోలుకుపోతాను. ముందు కాళ్లే తియ్యి."

కుర్రాడు బిక్కముఖంతో పెళ్లికొడుకు తల్లి వైపు చూశాడు. అప్పలనరసమ్మ కొత్త పట్టుచీర నలుగుతుందని కూడా చూడకుండా రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ముత్యం కాలి పక్కన తన రెండు చేతులూ పెట్టింది. ఊరేగింపులో ఉన్న ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఒకరినొకరు చూసుకుని, వచ్చి చుట్టూ కూర్చున్నారు. వాళ్ల చేతులూ పెట్టారు. ముత్యం కదలకుండా నిలబడింది. మహాలక్ష్మికి కళ్లలో నీళ్లొచ్చాయి. తుడుచుకోకుండానే తన చేతులూ వాటి మధ్య పెట్టింది.

ఆ ఫొటో ఇప్పుడు సాలలో ఉలవల డబ్బా పైన మేకుకి వేలాడుతోంది. గుర్రం కోసం వచ్చినవాళ్లకి మహాలక్ష్మి ముందు దాన్నే చూపిస్తుంది. ఇష్టమైతేనే ముహూర్తం చెప్పమంటుంది. అందులో పెళ్లికొడుకువి బూట్లు మాత్రమే పడ్డాయి.