ముందే రాసిన జవాబు

నాకు కుర్చీలో కుదురుగా కూర్చోవడం చేతకాదు. నాందేడ్‌లో విశ్వవిద్యాలయం విద్యాశాస్త్ర విభాగంలో కాబోయే టీచర్లకు పాఠం చెప్పడం నేర్పుతాను. వాళ్లు ముందు నిలబడి పాఠం చెబుతుంటే వెనకాల కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాను. మా విద్యార్థులు నాకోసం ఒక కుర్చీ వేసి, దాని మీద తమ సంచులు పెట్టుకుంటారు. మేడం ఎలాగూ కూర్చోదని వాళ్ల ధీమా.

నిజం బడికి పంపేముందు మేము విభాగంలోనే ఉత్తుత్తి తరగతి పెడతాం. ఒకరు టీచరు, మిగతావాళ్లు ఐదో తరగతి పిల్లలు. పెళ్లయి పిల్లలున్నవాళ్లు కూడా చేతులు కట్టుకుని బెంచీల్లో కూర్చుంటారు. ప్రశ్న పూర్తికాకముందే చేతులు లేస్తాయి, జవాబులన్నీ సరిగ్గా వస్తాయి. ఇవాళ నీ పాఠాన్ని నేను గట్టెక్కిస్తే రేపు నా పాఠాన్ని నువ్వు గట్టెక్కిస్తావన్నది వాళ్లలో వాళ్ల ఒప్పందం. పైగా ముందే రాసుకొచ్చే పాఠం పథకంలో, మరాఠీలో టాచణ్ అంటాం, కుడివైపు ఒక గడి ఉంటుంది. టీచరు అడిగే ప్రశ్నకు పిల్లలు ఏం చెబుతారో అందులో ముందుగానే రాయాలి. అది ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టను.

ఆ ఏడాది బిలోలి దగ్గరి పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది. అమ్మానాన్నలు కూలిపని చేసేవాళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఉత్తుత్తి తరగతిలో ఆమెను మించినవాళ్లు లేరు. అలాంటిది, నిజం బడిలో మొదటిరోజే సుద్దముక్క బల్ల మీద పెట్టి పాఠం మధ్యలో బయటికి వచ్చేసింది. మర్నాడు బట్టల సంచితో నా గదికి వచ్చింది.

“నాతోని కాదు మేడం. ఊరికి పోత. ఈ చదువే వద్దు నాకు.”

“ఏమైంది బిడ్డా, సక్కగ చెప్పు.”

“పొద్దున ఏం తిన్నవని ఒక పోరణ్ణి అడిగిన. చెప్పలే. మల్ల అడిగిన. అప్పుడు గూడ చెప్పలే. తక్కినోళ్లు నవ్విండ్రు. వాడు జవాబు చెప్పకుంటె నా పాఠం ముందటికి ఎట్ల పోతది?”

పాఠం సమతుల ఆహారం మీద. ఆమె టాచణ్ తీసి చూశాను. ప్రశ్న: పొద్దున ఏం తిన్నారు? కుడి గడిలో జవాబు: పాలు, గుడ్డు, చపాతీ. కింద నా సంతకం. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండిపడాలో తెలియక గదంతా తిరిగాను.

“బస్సు సాయంత్రం గూడ ఉంటది. ఒక్క పాఠం చెప్పి పో,” అన్నాను. తోటి విద్యార్థులందరినీ పిలిచి బెంచీల్లో కూర్చోబెట్టాను. మరాఠీలో ఒకసారి, తెలుగువాళ్ల కోసం ఇంకోసారి చెప్పాను. “ఇయ్యాల మంచి పిల్లల్లెక్క చెయ్యొద్దు. ఐదో తరగతిల మీరు ఎట్లుంటిరో గట్లనే కూసోండ్రి.”

మొదట నవ్వుకున్నారు. తర్వాత ఒకామె లేచి వెళ్లి చివరి బెంచీ మూలలో ఒదిగి కూర్చుంది. ఒకతను చెప్పులు విప్పి గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ అందరికంటే ముందు చెయ్యెత్తే, కిన్వట్ నుంచి వచ్చిన తెలుగతను తల దించుకుని బల్లను గోటితో గీకసాగాడు. నవ్వులు ఆగిపోయాయి. నాకు భయం వేసి, వద్దులే అని చెప్పేద్దామనుకున్నాను.

అమ్మాయి పాఠం మొదలుపెట్టింది. పొద్దున ఏం తిన్నావని కిన్వట్ అతన్ని మరాఠీలో అడిగింది. అతను తలెత్తలేదు. మళ్లీ అడగబోయి ఆగింది. వెళ్లి అతని పక్కన కూర్చుని, తెలుగులో మెల్లగా “తిన్నవా?” అంది.

“తినలే,” అన్నాడు. “అమ్మ కైకిలి పనికి పోయింది. అచ్చినంక వండుతది.”

ఇద్దరు పిల్లల తండ్రి అతను. గొంతు మాత్రం ఏ కోశానా నటన లేని చిన్నపిల్లవాడిది.

“నేను గూడ తినకుంటనే బడికి పోతుంటి,” అంది ఆమె.

నేను ఉండబట్టలేక వెనక నుంచి అడిగాను. “మరి పాలు, గుడ్డు అని ఎందుకు రాసినవ్?”

“గట్ల రాస్తెనే మీరు సంతకం పెడుతరనుకున్న మేడం.”

నాకు సిగ్గేసింది. కిటికీ దాకా వెళ్లి, బయట చూడ్డానికేమీ లేక మళ్లీ వెనక్కి వచ్చాను.

ఆ సాయంత్రం బిలోలి బస్సు ఆమె లేకుండానే వెళ్లింది. మర్నాడు కొత్త టాచణ్ తెచ్చింది. మొదటి ప్రశ్న: ఆకలైతే ఎలా ఉంటుంది? పక్కన గడి ఖాళీ.

“ఇదేంది, జవాబు రాయలే?”

“వాళ్లు చెప్పినంక రాస్త మేడం.”

పై నుంచి తనిఖీకి వచ్చేవాళ్లు ఆ ఖాళీ చూస్తే ముందు నన్నే కడిగేస్తారు. పెన్ను రెండుసార్లు మూతపెట్టి తీశాను. చివరికి సంతకం పెట్టాను.

బడిలో ఆమె ఆ ప్రశ్న మరాఠీలో అడిగింది. నేను గోడ వెంట అటూ ఇటూ తిరుగుతున్నాను. అప్పుడు, మొన్న నోరు విప్పలేదని ఆమె నాకు చూపించిన పిల్లవాడే లేచి నిలబడ్డాడు. కడుపు మీద చెయ్యి పెట్టి చూపిస్తూ మరాఠీలో చెప్పడం మొదలుపెట్టాడు. మొదట మంటగా ఉంటుందట, తర్వాత నిద్ర వస్తుందట, నిద్రపోతే టీచరు కొడుతుందట. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె వాడు చెప్పిందంతా విని, టాచణ్ తెరిచి రాసుకోసాగింది. గడి సరిపోలేదు. నేను, అక్కడా నాకోసం వేసిన కుర్చీ మీది సంచులు కింద పెట్టి కూర్చున్నాను.